ఆపద వచ్చిన మొదటి వారం

ములకలపల్లి మండలంలో ఒక కుటుంబం చితికిపోవడానికి ఏళ్లు పట్టదు. పత్తి చేలో పాము కాటు, మూడు రోజులు తగ్గని జ్వరం, బండి మీద నుంచి పడి విరిగిన కాలు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పాల్వంచ, దమ్మపేట మండలాల నడుమ అడవిని ఆనుకొని ఉన్న షెడ్యూల్డ్ ప్రాంతం ఇది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. పూసుగూడెం, చాపరాలపల్లి, మూకమామిడి, జగన్నాథపురం వంటి ఊళ్లలో కోయలు, లంబాడాలు, ఇతర కులాలవాళ్లు వరి, పత్తి, మొక్కజొన్న సాగు చేస్తారు. వేసవిలో ఇప్పపువ్వు ఏరుతారు, తునికాకు కోస్తారు. మిరప కోతల కాలంలో కూలికి పోతారు. డబ్బు చేతికి వచ్చే నెలలు, రాని నెలలు ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. సంక్రాంతి అటూ ఇటూగా పత్తి డబ్బు చేతికి వస్తుంది. తొలకరికి విత్తనాలు, ఎరువులు కొనేసరికి అది అయిపోతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇంట్లో రూపాయి ఉండదు. మలేరియా, డెంగీ విజృంభించేదీ సరిగ్గా ఆ నెలల్లోనే.

అనిరుధ్ కృష్ణ అనే పరిశోధకుడు 2000 దశకం తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామాల్లో ఒక పని చేశారు. పాతికేళ్లలో ఏ ఇల్లు పైకి వచ్చింది, ఏ ఇల్లు దిగజారింది అని ఊరివాళ్లనే కూర్చోబెట్టి, ఇంటింటి చరిత్ర అడిగి రాయించారు. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లు ఎన్నో, కొత్తగా అందులో పడ్డవీ దాదాపు అన్నే ఉన్నాయని తేలింది. పడ్డవాళ్ల కథల్లో మళ్లీ మళ్లీ వినిపించినవి మూడు: జబ్బు, దాని వైద్యం ఖర్చు; ఎక్కువ వడ్డీకి తెచ్చిన అప్పు; పెళ్లి, చావు వంటి తప్పించుకోలేని ఖర్చులు. ఈ మూడూ విడివిడిగా రావు. జబ్బు అప్పును తెస్తుంది, జబ్బు ముదిరి మనిషి పోతే కర్మకాండకు మరో అప్పు పుడుతుంది.

వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది కదా అన్న ప్రశ్న సహజం. 2007లో మొదలైన ఆ పథకం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. ఆపరేషన్ దాకా వెళ్లిన రోగికి అది నిజంగానే ప్రాణాధారం. అయితే ఆపరేషన్ దాకా వెళ్లడానికి ముందే కొంత ఖర్చవుతుంది. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఎక్కించిన సెలైన్లు, పాల్వంచలోనో కొత్తగూడెంలోనో చేయించిన పరీక్షలు, ఖమ్మం దాకా మాట్లాడుకున్న కారు కిరాయి, రోగి వెంట ఉన్న ఇద్దరి తిండి, ఆ ఇద్దరూ పోగొట్టుకున్న కూలి. ఇవేవీ ఏ కార్డులోకీ రావు. ముఖ్యమంత్రి సహాయ నిధి బిల్లు కట్టిన తర్వాత దరఖాస్తు చేసుకునేది. చెక్కు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అందువల్ల ఇంటిని నిలబెట్టేదీ పడగొట్టేదీ చాలాసార్లు ఆ మొదటి వారంలో కావలసిన పదివేలో, ఇరవైవేలో. ఆ వారంలో అడగ్గానే ఇచ్చేవాడు ఊరికి ఒకడు ఎప్పుడూ ఉంటాడు, వడ్డీకి.

నూటికి నెలకు మూడు రూపాయలు మర్యాద వడ్డీ. అవసరాన్ని బట్టి ఐదుకూ పోతుంది. ఇరవై వేలు ఐదు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. కూలి మీద బతికే ఇంటికి అది కట్టడం అయ్యే పని కాదు కాబట్టి, పంట వచ్చాక అప్పిచ్చిన వ్యాపారికే, అతను చెప్పిన ధరకే పత్తి కొలవాలి. ఇప్పించిన మందులు, ఎరువులు కూడా అదే ఖాతాలో చేరతాయి. షాపు పుస్తకంలో ఒకసారి పేరెక్కిన ఇల్లు ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు.

నిజాం పాలనలో ఇది ఇంకా ఘోరంగా ఉండేది. ధాన్యం నాగుకు తెస్తే బస్తాకు బస్తాన్నర కల్లంలో కొలవాలి. తీర్చలేనివాడు మనిషినే తాకట్టు పెట్టుకొని భగేలాగా, అంటే అప్పు కింద జీతగాడిగా, దొర దగ్గర చేరాలి. హైదరాబాద్ ప్రభుత్వం 1936లోనే భగేలా ఒప్పందాల మీద ఆంక్షలు పెట్టింది. కాగితం మీది ఆ ఆంక్ష అడవి దాకా రాలేదు. 1940 దశకంలో గిరిజనుల మీద నివేదికలు రాసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ వర్ణించిన దుస్థితికి ఒక మూలం ఈ అప్పే. ఆకలి నెలల్లో అప్పుగా ఇచ్చి పంటకు తిరిగి తీసుకునే ధాన్యపు బ్యాంకు అన్న ఆలోచన ఇలాంటి చోట్లనే వేళ్లూనుకుంది. 1996–97లో కేంద్ర ప్రభుత్వం గ్రామ ధాన్యపు బ్యాంకుల పథకం తెచ్చింది. రెండు మూడు పంటలు బాగుంటే బ్యాంకు బతుకుతుంది. ఒక్క కరువు వస్తే తీసుకున్నవాళ్లెవరూ తిరిగి కొలవలేరు, గాదె ఖాళీ అవుతుంది. ఒకే ఊరివాళ్లందరికీ ఒకేసారి కష్టం వచ్చినప్పుడు ఆ ఊరి నిధి ఆదుకోలేదన్నది ధాన్యపు బ్యాంకులు నేర్పిన పాఠం. ఇప్పటి ఆసరా ఏర్పాట్లన్నీ ఏదో ఒక రూపంలో ఈ లోపాన్ని పూడ్చడానికి పుట్టినవే.

వాటిలో జనానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది డ్వాక్రా సంఘం. పేరు 1982 నాటి కేంద్ర పథకానిది. నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, 1993 ప్రాంతంలో పొదుపు లక్ష్మి ప్రచారంతో ఆ సంఘాలు ఊరూరా వెలిశాయి. 2000 తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, జనం నోట ఐకేపీ, వాటిని ఊరి సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా కట్టింది. పది పదిహేను మంది ఆడవాళ్లు నెలనెలా కొంత దాచుకుంటారు. ఆ పొదుపు నుంచి అవసరమైనవాళ్లకు నూటికి రూపాయి, రూపాయిన్నర వడ్డీకి సంఘమే అప్పిస్తుంది. సంఘం పుస్తకాలు తిరగేస్తే అప్పు దేనికన్న గడిలో ఆస్పత్రి, పిల్లల ఫీజు, ఇంటి ఖర్చు అన్న మాటలే ఎక్కువ కనిపిస్తాయి. గేదె కొనుక్కోవడానికి, దుకాణం పెట్టుకోవడానికి అని ప్రభుత్వ నివేదికలు రాసుకునే అప్పుల్లోనూ కొంత భాగం ఇలాంటి అవసరాలకే వెళ్తుంది. అది తప్పుగా చూసే అధికారులు ఉన్నారు. ఆ ఇంటి దృష్టిలో మాత్రం ఐదు రూపాయల వడ్డీ తప్పించుకోవడం కన్నా లాభసాటి వ్యాపారం లేదు.

సంఘం పొదుపు చాలనప్పుడు స్త్రీనిధి ఉంది. 2011లో ఏర్పడిన ఈ రుణ సహకార సమాఖ్య లక్ష్యమే వేగం: గ్రామ సంఘం తీర్మానం చేసి ఫోన్ ద్వారా పంపితే 48 గంటల్లో సభ్యురాలి ఖాతాలో డబ్బు పడాలి. పాత బాకీలు పేరుకున్న సంఘాలకు ఇది దొరకదు. నిజానికి సహాయం ఎక్కువ కావలసింది కట్టలేక సంఘం నుంచి జారిపోయిన ఇళ్లకే. ఆ ఖాళీలోకే మైక్రో ఫైనాన్స్ వాళ్లు వస్తారు. వారం వారం వసూళ్లు, ఒకరు కట్టకపోతే పక్కవాళ్లు కట్టాలన్న ఒత్తిడి, ఆత్మహత్యల మధ్య 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాళ్లను కట్టడి చేసింది. రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చాక వాటికి దారి మళ్లీ తెరుచుకుంది.

అప్పు ఎంత తక్కువ వడ్డీదైనా తీర్చాల్సిందే. ఇంటి పెద్ద పోయిన ఇంటికి అప్పు కన్నా ముందు తిరిగి ఇవ్వక్కర్లేని సొమ్ము కావాలి. ఈ విషయంలో తెలుగు పల్లెలు చూసిన ఏర్పాట్లలో బీమా మిత్రలది ప్రత్యేకమైన కథ. 2007 అక్టోబరు 2న మొదలైన ఆమ్ ఆద్మీ బీమా యోజనలో ఎల్ఐసీ భూమిలేని ఇంటి పెద్దకు బీమా కల్పించింది. ఏడాదికి 200 రూపాయల ప్రీమియంలో సగం కేంద్రం, సగం రాష్ట్రం భరించాయి. సహజ మరణానికి 30 వేలు, ప్రమాద మరణానికి 75 వేలు, పాక్షిక వైకల్యానికి 37,500 రూపాయలు. 9 నుంచి 12వ తరగతి వరకు చదివే పిల్లలకు ఏడాదికి 1,200 ఉపకార వేతనం. దేశమంతటా ఉన్న పథకమే ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రత్యేకత ఏమిటంటే దాన్ని నడిపే పనిని మహిళా సమాఖ్యలు చేతిలోకి తీసుకున్నాయి. జిల్లా సమాఖ్యలో ఒక కాల్ సెంటర్, మండలానికి ఒకరిద్దరు బీమా మిత్రలు. ఊళ్లో ఎవరైనా పోతే సంఘం సభ్యురాలు ఫోన్ చేసేది. బీమా మిత్ర ఆ ఇంటికి వెళ్లి, అంత్యక్రియల ఖర్చు కింద 5,000 రూపాయలు అక్కడికక్కడే చేతిలో పెట్టేది. మిగతా సొమ్ము కోసం పత్రాలు ఆమే సేకరించేది.

ఆ 5,000 చిన్న మొత్తమే. కానీ శవం ఇంట్లో ఉండగా బియ్యానికీ, కట్టెలకూ, వచ్చిన బంధువుల భోజనానికీ షాపు మెట్లు ఎక్కాల్సిన అవసరం దానితో తప్పేది. కోయల ఇళ్లలో చావుకు బంధువులు బియ్యం, కోళ్లు తెచ్చి పంచుకునే ఆచారం ఉంది కాబట్టి భారం కొంత తగ్గుతుంది. తర్వాత జరిపే దినాలకు మాత్రం ఆ ఇంటివాళ్లే పూనుకోవాలి, ఖర్చూ అప్పుడే ఎక్కువ.

బీమా మిత్రలు చేసిన పనిలో మరో భాగం కాగితాలకు సంబంధించింది. బయటివాళ్లకు కనిపించనిదీ, ఫలితం ఎక్కువ ఉన్నదీ అదే. పాము కరిచి పోయిన మనిషిది ప్రమాద మరణం. కానీ అది నిరూపించాలంటే పోలీసు స్టేషన్‌లో కేసు కావాలి, పోస్టుమార్టం నివేదిక కావాలి. ఏజెన్సీ ఊళ్లలో పోస్టుమార్టం అంటే శవాన్ని కోయిస్తారన్న భయం, ఆస్పత్రి దాకా తీసుకెళ్లి మళ్లీ తెచ్చే ఖర్చు. సాయంత్రానికల్లా మట్టి చేసేస్తారు. దాంతో 75 వేలు రావలసిన ఇంటికి 30 వేలే వచ్చేవి. కబురు అందిన పూటే సంఘం మనిషి ఆ ఇంటికి వెళ్లి, ఏడుస్తున్నవాళ్లకు నచ్చజెప్పి, పోలీసులకు ఫోన్ చేయిస్తే ఆ తేడా తప్పేది. ఇది మరుసటి రోజు చేయడానికి వీల్లేని పని.

మరణ ధ్రువపత్రం సంగతీ అంతే. పంచాయతీ కార్యదర్శి దగ్గర 21 రోజుల్లోపు నమోదు చేస్తే రుసుము లేదు. ఆలస్యమయ్యేకొద్దీ అఫిడవిట్లు, పైఅధికారుల అనుమతులు. ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో మరో పేరు ఉండటం ఇక్కడ మామూలు. కోయ పేరును తెలుగు గుమాస్తా తనకు వినిపించినట్టు రాసి ఉంటాడు. చివరికి ఒక పొల్లు దగ్గర వేలాది రూపాయలు ఆగిపోతాయి.

ఆమ్ ఆద్మీ బీమా తర్వాతి కాలంలో ప్రధానమంత్రి పేరిట వచ్చిన బీమాల్లో కలిసిపోయింది. తెలంగాణలో 2018 ఆగస్టులో రైతు బీమా వచ్చింది. పట్టా ఉన్న 18–59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. మొదటి ఏడాది రైతుకు 2,271 రూపాయల 50 పైసల చొప్పున ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కట్టింది. పది రోజుల్లో సొమ్ము జమ కావాలన్నది నియమం. దీని విలువ తెలియాలంటే అంతకుముందు ఏముందో చూడాలి. 2004 నాటి 421 జీవో ప్రకారం ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర పరిహారం. 2015లో 194 జీవో దాన్ని 6 లక్షలు చేసింది. కానీ అది నిజమైన రైతు ఆత్మహత్యే అని ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసిన త్రిసభ్య కమిటీ తేల్చాలి. ఏళ్ల తరబడి తేలని కేసులు ఉండేవి. చావు కారణంతో నిమిత్తం లేకుండా ఇచ్చే రైతు బీమా ఆ విచారణ బాధను తొలగించింది. మహిళా సంఘాల సభ్యులకు 2024 మార్చిలో 10 లక్షల ప్రమాద బీమా, చనిపోయిన సభ్యురాలి పేరిట ఉన్న 2 లక్షల దాకా అప్పు మాఫీ చేసే రుణ బీమా వచ్చాయి.

ఈ అప్పు మాఫీ ఆలోచన ప్రభుత్వానికన్నా ముందు వరంగల్, కరీంనగర్ జిల్లాల పొదుపు సహకార సంఘాల్లో ఆచరణలో ఉంది. హైదరాబాద్‌లోని సహకార అభివృద్ధి సంస్థ సీడీఎఫ్ ప్రోత్సాహంతో 1990 తర్వాత పెరిగిన ఆ సంఘాలు అభయనిధి పేరుతో సొంత నిధి పెట్టుకున్నాయి. సభ్యులు తలా కొంత వేసిన ఆ నిధి నుంచి, చనిపోయిన సభ్యుల బాకీ తీరుస్తారు. అప్పు భార్య మీదికో కొడుకు మీదికో రాదు. సర్కారు సొమ్ము, దాతల విరాళం ఏదీ లేకుండా నడిచిన ఏర్పాటు ఇది. ఒక ఊరి కష్టాన్ని అనేక ఊళ్ల సంఘాలు కలిసి మోయడం వల్ల ధాన్యపు బ్యాంకుకు వచ్చిన చిక్కు దీనికి రాలేదు.

ఇన్ని పథకాలు ఉండగా స్వచ్ఛంద సంస్థలకు మిగిలే పనేమిటి? మొదటిది, పథకం సొమ్ము వచ్చేదాకా ఇంటిని నడపడం. బాగా పనిచేసే సంస్థ ఈ దశలో నగదు కన్నా నెల సరుకులు, ఆస్పత్రికి బండి, మందులు ఇస్తుంది. నగదు ఇస్తే ముందుగా అప్పులవాడు వచ్చి వాలతాడని వాళ్లకు తెలుసు. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి ఇంటికి వెళ్లి పొయ్యి మీద ఏముందో చూడటం, పక్కింటివాళ్లను అడగటం, గ్రామ సంఘం మాట తీసుకోవడం, ఇంతకు మించిన పద్ధతి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. రెండోది, కాగితాల వెంట తిరగడం. 2017లో మొదలైన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ వికారాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల జిల్లాల్లో చేసింది ఎక్కువగా ఇదే: ఫోన్ ఎత్తి రైతు బాధ వినడం, ఆ బాధకు మందు ఏ ఆఫీసులో ఉందో కనుక్కొని ఆ ఆఫీసును కదిలించడం. దాతకు చూపించడానికి ఇలాంటి పనికి ఫొటో ఉండదు. అందుకే దీనికి విరాళాలు కష్టంగా వస్తాయి, దుప్పట్ల పంపిణీకి సులువుగా వస్తాయి.

2022 జులైలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది; 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంతటి వరద మళ్లీ అదే. ప్రభుత్వం ముంపు కుటుంబానికి 10 వేల రూపాయలు, బియ్యం ప్రకటించింది. నీళ్లు తీయకముందే సరుకుల లారీలు బారులు తీరాయి. రోడ్డు పక్క ఊళ్లకు రెండుసార్లు, మూడుసార్లు సాయం అందింది. లోపలి గూడేలకు ఆలస్యంగా చేరింది. ములకలపల్లి లాంటి మెట్ట మండలంలో అదే నెలలో ఏ ఇంట్లో ఎవరు మంచాన పడ్డా ఆ లారీల్లో ఏదీ అటు తిరగదు. వరద ఒకేసారి వేలమందికి వస్తుంది, పేపర్లో పడుతుంది. జబ్బు ఒక్కో ఇంటికి ఒక్కో రోజు వస్తుంది. సాలంతా లెక్కేస్తే రెండోదే ఎక్కువ ఇళ్లను ముంచుతుంది.

పథకాల వలలో పడని ఇళ్లు ఇంకా ఉన్నాయి. కౌలు రైతుకు పట్టా లేదు, రైతు బీమా లేదు. భూమి ఇంకా ముసలి తండ్రి పేరిటే ఉంటే, దున్నేది కొడుకైనా అతనికి వర్తించదు. తండ్రికి 59 దాటితే ఆయనకూ లేదు. పోడు భూములకు 2023 జూన్ 30 నుంచి పట్టాలు పంచినప్పుడు ఈ జిల్లా ఇళ్లు వేల సంఖ్యలో లబ్ధి పొందాయి. పట్టా చేతికి వచ్చినవాళ్లకు బీమా దారి తెరుచుకుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి లోపల గుడిసెలు వేసుకున్న గుత్తికోయల పరిస్థితి వేరు. 2005లో అక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక వాళ్లు పెద్ద సంఖ్యలో ఇటు దాటారు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి భూమి ఆధీనంలో ఉండాలంటుంది. ఆ తర్వాత వచ్చినవాళ్లకు పట్టా రాదు. ఎస్టీ ధ్రువపత్రం, రేషన్ కార్డు దొరకడం గగనం. చాలామంది పేరు ఏ పొదుపు సంఘంలోనూ లేదు.

ఆ గూడేల్లో ఎవరికైనా కష్టం వస్తే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, అడపాదడపా వచ్చే స్వచ్ఛంద సంస్థ జీపు, ఇవే దిక్కు. అక్కడ పనిచేసే సంస్థలు సరుకులు పంచి వెనుదిరగకుండా పిల్లలకు పుట్టిన తేదీ పత్రాలు, పెద్దలకు ఆధార్ నమోదు మొదలుపెడతాయి. కాగితం ఉన్న పిల్లవాడిని ఆశ్రమ పాఠశాలలో చేర్పించవచ్చు. చేర్పిస్తే ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గుతుంది, తండ్రి మంచాన పడ్డ ఏడాది వాడు మిరప కోతకు పోకుండా బడిలోనే ఉంటాడు.